సూత్రంలో లేని మైల

కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి తర్వాత మొదలవుతుంది. తొలి ఆదివారం పట్నం వారం, శివరాత్రికి పెద్దపట్నం, ఉగాది దగ్గర పడ్డాక ఆఖరున నిప్పుల మీద నడిచే అగ్నిగుండాలు. మా నంగునూరులో మల్లన్నకు మొక్కు బాకీ లేని ఇల్లు ఉందా అంటే వెతకాలి. అందుకే ఇక్కడ ఉష్ణం పాఠం చెప్పే టీచరుకు ఒక ప్రశ్న తప్పదు. కాల్చిన ఇనుప ముక్కను నీళ్లలో వేసి, థర్మామీటర్ ఎంత ఎక్కిందో చూపించి, ఇనుము పోగొట్టుకున్న ఉష్ణమూ నీళ్లు పొందిన ఉష్ణమూ సమానమని బోర్డు మీద రాసి వెనక్కి తిరిగేసరికి ఎవరో ఒకరు లేచి నిలబడతారు.

"టీచర్, గీ చిన్న ముక్కకే నీళ్లు ఇంత ఉడుకెక్కినయి. గుండంల నిప్పులు ఎర్రగ ఉంటయి గదా, మరి కాళ్లెందుకు కాలయి?"

నేను నోరు తెరిచే లోపే తరగతి రెండు పక్షాలవుతుంది. "భక్తి ఉంటె కాలది" అని కొందరు. "అంత సైన్సే, మా అన్న చెప్పిండు" అని కొందరు. ఏ సైన్సు అని అడిగితే అన్నను అడిగి రావాలి. ఈ రెండూ నాకు సమాధానాల్లా వినిపించవు. చేతికి దొరికిన జెండాల్లా కనిపిస్తాయి. లెక్క చేయకుండా సైన్సు అన్నవాడూ, లెక్క అక్కర్లేకుండా భక్తి అన్నవాడూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ముందు లెక్క చేయాలి.

సూత్రం పాతదే. ఒక వస్తువు ఎంత ఉష్ణం ఇచ్చిందో, ఎంత తీసుకుందో కావాలంటే దాని ద్రవ్యరాశిని విశిష్టోష్ణంతో గుణించి, మళ్లీ ఉష్ణోగ్రతలో వచ్చిన తేడాతో గుణించాలి. నీటి విశిష్టోష్ణం గ్రాముకు, డిగ్రీకి 1 కెలోరీ. మన ఒంటి కండది 0.8 పైచిలుకు, ఎందుకంటే ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే. ఇనుముది 0.11 దరిదాపు. కట్టెబొగ్గుది సుమారు 0.24. ఇక్కడికి వచ్చేసరికి చురుకైన పిల్లలు పెన్ను ఆపేస్తారు. ఇనుముకన్నా బొగ్గు విశిష్టోష్ణమే రెట్టింపు ఉందే! ఆ లెక్కన ఒకే వేడిమీద ఉన్న బొగ్గు, గ్రాముకు గ్రాము చూస్తే, ఇనుముకన్నా ఎక్కువ కాల్చాలి కదా?

కాల్చాలి, గ్రాముకు గ్రాము కాలికి తగిలితే. తగలదు. ఆ అంకెలను మాత్రమే చూసి గుండంలో దిగేవాడికి విశిష్టోష్ణం తెలుసు, ద్రవ్యరాశి తెలియదు. కాలు నిప్పుమీద ఉండేది ఒక్క అడుగుకు అర సెకను. ఆ అర సెకనులో బొగ్గు లోపలి వేడి పైకి వచ్చి అరికాలిని అందుకోవాలి. బొగ్గు వేడిని మహా మెల్లగా పంపుతుంది. అర మిల్లీమీటరు లోతున ఉన్న వేడి కూడా ఆ వ్యవధిలో పూర్తిగా బయటపడదు. అరికాలు వైశాల్యం 120 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, ఈ వ్యవహారంలో నిజంగా పాల్గొన్న బొగ్గు దాదాపు ఒక గ్రాము. నిప్పుకూ కాలికీ తేడా 400 డిగ్రీలు అనుకుందాం. ఒకటిని 0.24తో, దాన్ని 400తో గుణిస్తే 96. వంద కెలోరీలు అనుకోండి. అరగ్లాసు నీళ్లను ఒక్క డిగ్రీ వేడెక్కించే సరుకు అది.

అదే వేడిలో ఉన్న ఇనుప పలక మీద అడుగు వేస్తే? ఇనుములో వేడి పరుగెడుతుంది. అదే అర సెకనులో మూడు మిల్లీమీటర్ల లోతు నుంచి కూడా వచ్చి చేరుతుంది. ఇనుము బరువైంది కాబట్టి పాల్గొనే ద్రవ్యరాశి 300 గ్రాములు. మూడు వందలను 0.11తో, 400తో గుణిస్తే 13,200 కెలోరీలు. బొగ్గు ఇచ్చినదానికి నూటికి పైగా రెట్లు. ఇది నల్లబల్ల మీద చేసే మోటు లెక్క. అసలు పద్ధతిలో చేస్తే అంకెలు మారతాయి, తీర్పు మారదు. దానికి తోడు నిప్పు మీద బూడిద పొర ఉంటుంది, అరికాలి కింద చచ్చిన తోలు మందంగా ఉంటుంది. వంద కెలోరీలు చాలావరకు ఆ తోలులోనే పరుచుకుని, కాలు లేవగానే చెదిరిపోతాయి. లోపలి బతికిన కండకు కాలేంత కబురు అందదు.

మాటల్లో మాట, ఇనుము మా మండలానికి నిన్నా మొన్నటి వస్తువు కాదు. పక్కనే నర్మెట్టలో పురావస్తు శాఖ వాళ్లు 2017లో తవ్విన పెద్దరాతి సమాధులు ఇనుప యుగం నాటివి. టన్నుల కొద్దీ బరువున్న మూతరాయిని క్రేనుతో ఎత్తుతుంటే చూడటానికి చుట్టుపక్కల ఊళ్ల జనం పోయారు. ఆ సమాధుల్లో పడుకున్నవాళ్ల కాలంలో కొలిమి దగ్గర కూర్చున్న మనిషికి కాలిన ఇనుమూ కాలిన బొగ్గూ ఒకటి కావని చేతికి తెలిసే ఉంటుంది. దాన్ని గ్రాముల్లో, కెలోరీల్లో చెప్పటానికే మనిషికి మరో రెండు మూడు వేల ఏళ్లు పట్టింది. పద్దెనిమిదో శతాబ్దంలో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే వైద్యుడు వేడీ ఉష్ణోగ్రతా వేరువేరని నిలబెట్టాక గానీ ఈ పాఠం పుట్టలేదు.

గుండం సంగతిని కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. 1935 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని కార్షాల్టన్‌లో హ్యారీ ప్రైస్ అనే పరిశోధకుడు గుండం తవ్వించి, కుదా బక్ష్ అనే కశ్మీరీ చేత నడిపించాడు. డాక్టర్లు కాళ్లు ముందూ వెనకా పరీక్షించారు. నిప్పు పైభాగం 430 డిగ్రీల సెల్సియస్ చూపింది. కాళ్లు కాలలేదు. చూసి ముచ్చటపడి దిగిన ఇంగ్లీషు కుర్రాళ్లకు కొంచెం బొబ్బలెక్కాయి. తర్వాత 1937లో మళ్లీ చేస్తే ఇంగ్లీషువాడూ చక్కగా దాటాడు. ప్రైస్ తేల్చింది ఇంతే: కట్టెనిప్పు వేడిని సరిగా పంపలేదు, కాలు ఎక్కువసేపు ఆగదు, ఉపవాసమూ మంత్రమూ లేకపోయినా ఇది జరుగుతుంది. మన దగ్గర ప్రేమానంద్ లాంటి హేతువాదులు, జన విజ్ఞాన వేదిక వాళ్లు ఊరూరా తిరిగి నిప్పులమీద నడిచి చూపించింది కూడా అదే.

నాకు వీళ్లందరికన్నా జెర్ల్ వాకర్ అంటే ఇష్టం. ఇంజనీరింగు, డిగ్రీ పిల్లలు మోసే లావుపాటి హాలిడే-రెస్నిక్ భౌతిక శాస్త్రం పుస్తకానికి తర్వాతి రచయిత ఆయన. భౌతిక శాస్త్రం మీద తనకున్న నమ్మకం కొద్దీ నిప్పుల మీద నడిచాడు, పలుమార్లు బాగానే దాటాడు. ఫిజిక్సు పట్టా ఇచ్చే ముందు ఆఖరి పరీక్షగా విద్యార్థులను నిప్పుల మీద నడిపించాలని సరదాగా రాశాడు కూడా. ఒకసారి మాత్రం అతివిశ్వాసంతో దిగి కాళ్లు కాల్చుకున్నాడు. సూత్రం మీద ఎంత నమ్మకమున్నా సూత్రం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ మాటకొస్తే మల్లన్న మీది నమ్మకాన్ని మాత్రం ఎందుకు తీసుకుంటుంది?

అంటే గుండం దాటిన కాలు కాలకపోవటానికి భక్తి కారణం కాదు. ఈ మాట ఇంత తేలిగ్గా అనేసి తప్పుకుంటే నా సగం ఊరు నాతో మాట్లాడదు. మిగతా సగం చప్పట్లు కొడుతుంది. రెండూ నాకు వద్దు. కారణం అంటే ఏమిటో మనవాళ్లు చాలా కాలం కొట్లాడుకున్నారు, అది వినకుండా తీర్పు చెప్పటం పద్ధతి కాదు.

తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడు. కుండకు కారణాలేమిటని తర్కం చదివే పిల్లవాణ్ని అడిగితే మట్టి, కుమ్మరి, కర్ర, చక్రం అని చెబుతాడు. మరి ఆ మట్టిని మోసుకొచ్చిన గాడిదో? కుండకు ముందు అదీ ఉంది కదా? నైయాయికులు దాన్ని అన్యథాసిద్ధం అంటారు. ముందు ఉన్నంత మాత్రాన కారణం కాదు, అది లేకపోయినా పని జరిగేదైతే దాన్ని కారణాల లెక్కలోంచి తీసేయాలి. మట్టి బండి మీదా రావచ్చు. హేతువాది నిప్పులమీద నడిచి చూపించేది నిజానికి ఈ గాడిదనే: చూడండి, భక్తి లేకుండా కూడా కుండ తయారైంది. ఈ వాదంలో నాకు తప్పు కనిపించదు. కాలు కాలకపోవటమనే కుండ వరకు భక్తి గాడిదే.

వాళ్లకు నిప్పు గొడవే మరొకటి ఉంది. ఫలానా మణిని దగ్గర పెడితే నిప్పు కాల్చదని అప్పట్లో అందరూ ఒప్పుకునేవాళ్లు. అలా ఎందుకన్నదే తగాదా. నిప్పులో కాల్చే శక్తి అని కంటికి కనపడనిది ఒకటుంది, మణి దాన్ని అణచేస్తుంది అన్నారు మీమాంసకులు. అదేం అక్కర్లేదు, అడ్డు లేకపోవటం కూడా కాలటానికి ఒక కారణం, మణి అడ్డొచ్చింది అంతే అన్నారు నైయాయికులు. ఉదయనుడి కాలం నుంచి, అంటే వెయ్యేళ్లుగా, ఈ వాదం పుస్తకాల్లో నడుస్తూనే ఉంది. మణి సంగతి నిజమా కాదా అన్నది పక్కన పెట్టండి. నిప్పు కాల్చలేదన్న కబురు చెవిన పడగానే వీళ్లు దండం పెట్టి ఊరుకోలేదు, అడ్డు ఏది అని వెతికారు. అది నాకు నచ్చుతుంది. గుండంలో ఆ అడ్డు బూడిద పొర, చచ్చిన తోలు, అర సెకను.

ఇది ఒక్క మనవాళ్ల గొడవే కాదు. మా ఊళ్లలో పీర్ల పండుగకు అలావ తవ్వి నిప్పు పెడతారు, దాని చుట్టూ ఆడేవాళ్లలో సాయబులెంతమందో మిగతావాళ్లూ అంతమంది. ఆ సాయబుల మతంలోనే పదకొండో శతాబ్దంలో గజాలీ అనే మహా పండితుడు, దూదిని కాల్చేది నిప్పు కాదని వాదించాడు. నిప్పు తగిలినప్పుడు దూది కాలటం మాత్రమే మనం చూస్తున్నాం, నిప్పు కాలుస్తోందని చూడటం లేదు, కాల్చేది దేవుడు అన్నాడు. తర్వాతి శతాబ్దంలో ఇబ్న్ రుష్ద్ ఎదురు తిరిగాడు: కారణాలే లేవంటే తెలివికే చోటు లేదు. కేనోపనిషత్తులో యక్షుడు ముందు పడేసిన గడ్డిపోచను అగ్నిదేవుడు కాల్చలేక తల వంచుకుని వెనక్కి పోతాడు. గజాలీకి ఆ కథ వినిపించి ఉంటే తలూపేవాడు. నేను టీచర్ని కాబట్టి జీతం ప్రకారం ఇబ్న్ రుష్ద్ పక్షం. ఈ రోజు కాల్చిన నిప్పు రేపు దేవుడి ఇష్టాన్ని బట్టి కాల్చకపోవచ్చు అంటే నేను బోర్డు తుడిచేసి ఇంటికి పోవాలి.

కాలనివాళ్ల గురించే ఇంతసేపు మాట్లాడాను. తత్త్వవేత్తలూ అంతే చేశారు, హేతువాదులూ అంతే. నన్ను ఈ లెక్క దగ్గరికి తోసింది మాత్రం కాలిన మనిషి.

మా చిన్నమ్మ. నా చిన్నప్పుడు, మా చుట్టాల ఊళ్లో వీరభద్రుడి గుండం దాటింది. కొడుకు జ్వరం తగ్గితే దాటుతానని మొక్కు. ఆమె ముందు పదిమంది దాటారు, వెనక పదిమంది దాటారు, ఆమె కాలు ఒక్కటే కాలింది. చల్లటి నీళ్లు పోయకముందే ఆడబిడ్డ అడిగింది, "ఏమే, బయట ఉన్నవా?" కాదంది. "మరి ఎట్ల కాలింది?" కాసేపటికి ఇంకొకరు, ఎవరినన్నా ముట్టుకున్నవా, నీసు తిన్నవా అని. సాయంత్రానికి ప్రశ్న మారిపోయింది, ఆ మారిన ప్రశ్నను ఇక్కడ రాయను. ఊళ్లలో ఆడదాని కాలు కాలితే జనం ఎక్కడిదాకా పోతారో చదివేవాళ్లకు తెలుసు. మరుసటేడు బోనం ఎత్తుకోవటానికి ఆమెను పిలవలేదు. ఎవరూ వద్దనలేదు, ఊరికే పిలవలేదు.

పెద్దయ్యాక ఆమె అరికాలు చూశాను. మచ్చ బొబ్బ మచ్చలా గుండ్రంగా లేదు. వేళ్ల కింద సన్నగా, తిన్నగా, చిటికెన వేలంత పొడవు గీత. మా నాయిన చెప్పేవాడు, ఆ ఏడు కట్టె తక్కువ పడితే కూలిన ఇంటి దర్వాజలు తెచ్చి గుండంలో వేశారని. పాత దర్వాజల్లో మేకులుంటాయి. మూడంగుళాల మేకు ఎనిమిది గ్రాములు అనుకుందాం. ఎనిమిదిని 0.11తో, 400తో గుణిస్తే 350 కెలోరీలు. అరికాలు మొత్తానికి వంద కెలోరీలు పరుచుకునే చోట, గీతంత జాగాలో 350 కాచుకుని ఉంది. సగం దిగినా చాలు. ఆ మేకును ఎవరూ వెతకలేదు, బూడిద ఎత్తి పోసేశారు. నా దగ్గర మచ్చ ఉంది, దర్వాజ మాట ఉంది, లెక్క ఉంది. కోర్టుకు ఇది చాలదేమో. కానీ ఆమె మీద వేసిన నిందకు ఇందులో ఏ ఒక్కటీ లేదు.

నాకు మతంతో ఉన్న అసలు పేచీ ఇక్కడుంది, అద్భుతాల దగ్గర కాదు. నిప్పును ఎవరు న్యాయమూర్తిని చేశారు?

ధర్మశాస్త్రాలే చేశాయి. నేరం తేల్చటానికి సాక్ష్యం దొరకనప్పుడు దివ్యాలు పెట్టమన్నాయి. యాజ్ఞవల్క్య స్మృతి అయిదు దివ్యాలు చెప్పింది: త్రాసు, నిప్పు, నీళ్లు, విషం, కోశం (దేవుణ్ని కడిగిన నీళ్లు తాగటం). ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యే దేశంలో చాలాచోట్ల చెల్లిన చట్టం, పదమూడో శతాబ్దంలో కేతన దాన్ని తెలుగులోకి విజ్ఞానేశ్వరీయంగా తెచ్చాడు. నిప్పు దివ్యం పద్ధతి ఇది. నిందితుడి అరచేతుల్లో వడ్లు నలిపించి, ముందే ఉన్న మచ్చలను గుర్తుపెట్టుకుంటారు. ఏడు రావి ఆకులు చేతుల మీద పెట్టి దారంతో చుడతారు. యాభై పలాల ఇనుప గుండును ఎర్రగా కాల్చి వాటి మీద పెడతారు. ఏడు మండలాలు, అంటే నేల మీద గీసిన ఏడు వలయాలు, నడిచి దాన్ని కింద పడేయాలి. మళ్లీ వడ్లు నలిపిస్తారు. చేయి కాలకపోతే నిర్దోషి.

ఎంత జాగ్రత్తగా రాశారో చూడండి. వడ్లు నలిపించటం, పాత మచ్చలు రాసుకోవటం, ఆకుల లెక్క, అడుగుల లెక్క. ప్రయోగం ఎలా చేయాలో వీళ్లకు తెలుసు. దేన్ని కొలుస్తున్నారో తెలియలేదు. పలం తూకాన్ని బట్టి ఆ గుండు రెండు కిలోల దగ్గర ఉంటుంది. ఆరు వందల డిగ్రీల నుంచి వందకు దిగేసరికి అది వదిలే ఉష్ణం, రెండు వేలను 0.11తో, 500తో గుణిస్తే, లక్షా పదివేల కెలోరీలు. లీటరు నీళ్లు మరిగి పొంగటానికి డెబ్బై వేలు చాలు. ఏడు రావి ఆకుల్లో పది గ్రాముల నీళ్లుంటాయి అనుకుంటే, వాటిని మరిగించి ఆవిరి చేయటానికి, గుప్తోష్ణంతో కలిపి, ఆరు వేల కెలోరీలు పోతాయి. నిందితుడికీ శిక్షకూ మధ్య ఉన్న కవచం ఆ ఆరు వేలు, కొంచెం ఆవిరి పొర, ఏడు మండలాలు ఎంత వేగంగా నడిచాడన్నది. ఆకులు పొద్దున కోసినవైతే ఒక తీర్పు, నిన్నటివైతే ఇంకో తీర్పు. నాగలి పట్టి కాయలు కాసిన చేతికి ఒక న్యాయం, కలం పట్టిన మెత్తని చేతికి ఒక న్యాయం. దొంగతనం చేశాడా లేదా అన్నది ఈ గుణకారంలో ఎక్కడా పడలేదు.

ఒక విడ్డూరం ఏమిటంటే, గుండు ఎత్తే ముందు నిందితుడు చేయాల్సిన ప్రార్థన ఆ స్మృతిలోనే ఉంది, అందులో అగ్నిని పిలిచింది సాక్షిగా. పాపపుణ్యాలు చూసిన సాక్షిలాగా నిజం చెప్పమని వేడుకోలు. సాక్షి వేరు, తీర్పరి వేరు. పెళ్లిలో మనం అగ్నిని పెట్టుకునేది సాక్షిగానే, ఆ కాపురం మంచిదో చెడ్డదో హోమగుండాన్ని తేల్చమనం. సాక్షి తాను చూసింది చెబుతాడు. నిప్పు చూసింది ఎంత బొగ్గు, ఎంత తోలు, ఎంతసేపు. నోరుంటే నిప్పు అదే చెబుతుంది, దాని భాషే ఆ సూత్రం. మనం సాక్షి నోరు మూసి, తీర్పు మనం రాసుకుని, కింద వేలిముద్ర మాత్రం దానిది వేయిస్తున్నాం.

సీతమ్మ సంగతి ఎత్తకుండా ఈ మాట ముగియదు. ఎత్తితే కోపాలొస్తాయి, అయినా సరే. వాల్మీకి యుద్ధకాండలో సీత చితిలోకి దిగుతుంది, అగ్నిదేవుడు స్వయంగా ఎత్తుకొచ్చి ఆమెలో దోషం లేదని చెబుతాడు. లోకంలో అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఉంటుందా? ఉత్తరకాండకు వచ్చేసరికి ఊళ్లో ఎవరో ఏదో అన్నారని గర్భిణిని అడవికి పంపారు. అగ్ని ఇచ్చిన తీర్పు అయోధ్యలో చెల్లలేదు. నా మటుకు ఈ కథ అగ్నిపరీక్షను గొప్ప చేసేది కాదు, దాని పనికిమాలినతనాన్ని రుజువు చేసేది. అనుమానం ఉన్నవాడికి నిప్పు కూడా చాలదు. మా చిన్నమ్మ కాలు కాలకుండా ఉండి ఉంటే ఆ ఆడబిడ్డ ఆమెను నమ్మేదా? అప్పుడు అడగటానికి వేరే ప్రశ్న ఉండేది.

ఛాందోగ్యంలో ఉద్దాలకుడి కథ నాకు ఇంకా దగ్గరిది, ఆయన మా వృత్తి మనిషి. కొడుకు శ్వేతకేతుకు మాటలతో సరిపెట్టకుండా చేసి చూపిస్తాడు. ఉప్పు నీళ్లలో వేయించి మర్నాడు పైన, నడుమ, అడుగున రుచి చూడమంటాడు. మర్రిపండు తెప్పించి చీల్పించి, గింజ చీల్పించి, ఏం కనిపిస్తోందని అడుగుతాడు. పదిహేను రోజులు పస్తుంచి చదివింది గుర్తుందేమో చూస్తాడు. ఆరో అధ్యాయం చివర ఆయన చెప్పే ఉదాహరణ కాలిన గొడ్డలి: దొంగ అని పట్టుకొచ్చినవాడు నిజం చెబుతున్నవాడైతే గొడ్డలి పట్టుకున్నా కాలడు, విడుదలవుతాడు. ఈ భాగం వచ్చినప్పుడల్లా నేను ఒక సంగతి గమనిస్తాను. ఉప్పు వేయించాడు, పండు చీల్పించాడు, పస్తు ఉంచాడు, గొడ్డలి మాత్రం కొడుకు చేత పట్టించలేదు. అది చెప్పటానికే గానీ చేయటానికి కాదని ఆ మహా గురువుకు తెలుసేమో. సత్యాన్ని అంటిపెట్టుకున్నవాణ్ని ఏదీ కాల్చదన్నది మనసుకు సంబంధించిన మాట. దాన్ని అరచేతి మీదికి దించినవాళ్లు తర్వాతి న్యాయాధికారులు.

ఇంత చెప్పాక, గుండాలు ఆపేయాలని నేను అంటానని చాలామంది అనుకుంటారు. అనను. కొమురవెల్లిలో గుండం చుట్టూ నిలబడ్డవాళ్లను చూశాను. తెల్లవారుజామున ఒంటిమీద బండారి, చేతుల్లో పిల్లలు, మల్లన్న దేవేరులు మేడలమ్మకూ కేతమ్మకూ జేజేలు. వాళ్లలో ఎవరూ దేన్నీ నిరూపించటానికి రాలేదు. కాలదని చూపించటానికి గుండం దాటేవాడు హేతువాది. అవతల కాపాడే దేవుడున్నాడని చూపించటానికి దాటేవాడు బాబా. మొక్కిన మనిషికి అది చెల్లించాల్సిన బాకీ. బిడ్డ బతికింది, మాట ఇచ్చాను, దాటుతున్నాను. ఆ లెక్కలో కాలటం, కాలకపోవటం అనే అంకెలు అసలు లేవు. నేను అక్కడ ఒగ్గు కథ చెప్పే పెద్దాయన్ని అడిగాను, "ఎవరిదన్న కాలు కాలితే ఏమంటరు తాతా?" ఆయన నన్ను తిక్కదాన్ని చూసినట్టు చూశాడు. "ఏమంటం బిడ్డా? బండారి పెడ్తం, దవాఖానకు తోల్తం."

మొక్కును ప్రయోగంగా మార్చింది చూసేవాళ్లే. గట్టు మీద నిలబడ్డవాడికే "ఎందుకు కాలలేదు" కావాలి, వాడికే "ఎందుకు కాలింది" కూడా కావాలి. మొదటి ప్రశ్నకు దేవుడి పేరు చెబితే రెండో ప్రశ్నకు మనిషి పేరు చెప్పక తప్పదు. భక్తి వల్ల కాలలేదన్న పొగడ్త వెనకాలే, భక్తి లేక కాలిందన్న తిట్టు వస్తుంది. ఒకటి ఉంచుకుని ఒకటి వదిలేయటం కుదరదు. అందుకే క్లాసులో "భక్తి ఉంటె కాలది" అన్న పిల్లవాడి మాటను నేను ముద్దుగా వదిలేయను. వాడికి తెలియకుండానే ఎవరి తల్లినో తిట్టాడు. నేను బోర్డు మీద మూడు గుర్తులు రాసి, ఒక్కొక్కదాని కింద గీత గీస్తాను. ద్రవ్యరాశి, విశిష్టోష్ణం, ఉష్ణోగ్రతలో తేడా. నాలుగోది ఉంటే చెప్పమంటాను. మైలకు ఏ గుర్తు వాడదాం, దాని ప్రమాణం ఏమిటి, ఏ పరికరంతో కొలుద్దాం? పిల్లలు నవ్వుతారు. ఒకరిద్దరు ఆడపిల్లలు నవ్వరు, ఆ గీతల వైపే చూస్తుంటారు.

ఈ లెక్కంతా కాగితం మీద వేసుకుని ఒకసారి చిన్నమ్మ దగ్గరికి పోయాను. మేకు సంగతి, 350 కెలోరీల సంగతి, దర్వాజ సంగతి వివరంగా చెప్పాను. ఆమె వింటూ చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. అంతా విని, "మేకయితేంది, మైలయితేంది బిడ్డా? మొక్కు తీరింది గద. పోరడు బతికె" అంది. నా నిర్దోషి తీర్పు ఆమెకు అక్కర్లేకపోయింది. గుండంలో తాను ఎవరికి లెక్క చెప్పాలో వాళ్లకు చెప్పేసింది, ఆ లెక్క ఆ రోజే సరిపోయింది.

నాకు సరిపోలేదు. ఆమెకూ వీరభద్రుడికీ మధ్య ఉన్నదాంట్లో నాకు, నా సూత్రానికి పని లేదు, ఒప్పుకుంటాను. కానీ మరుసటేడు ఆమెను బోనానికి పిలవనిది వీరభద్రుడు కాదు. "ఆ మాట అన్నోళ్లకన్న చెప్పనీయి చిన్నమ్మా" అన్నాను. ఆడబిడ్డ ఇంకా ఉంది, అదే ఊళ్లో, మోకాళ్ల నొప్పులతో. చిన్నమ్మ వద్దనలేదు, పొమ్మనీ అనలేదు. చాట కింద పెట్టి, "పోతె పో, గని కెలోరీలు గిలోరీలు అనకు, దానికి సమజ్ గాదు. దర్వాజల మేకున్నదని చెప్పు, సాలు" అంది.